వేళ్ళకిచ్చే పూలు

పెళ్ళయి తిరువళ్ళూరు వచ్చిన కొత్తలో నాకు నచ్చనిదంటూ ఏదీ లేదు. బావ ఆరూ నలభై ఎలక్ట్రిక్ రైలుకు పరుగెత్తుతూ చొక్కా పై గుండీ మరిచిపోవడం నచ్చింది. సాయంత్రం ఆయన టిఫిన్ డబ్బా తెరిస్తే అందులో ఆవడి ప్లాట్‌ఫారం మీద కొన్న వేరుశనక్కాయలో, ఒక దోరజామకాయో ఉండడం నచ్చింది. మా అత్త రుక్మిణమ్మ కాఫీపొడి అలమరకు తాళం వేసి, ఆ తాళంచెవి నా కళ్ళెదుటే గూట్లో పెట్టడం కూడా నచ్చింది. తిరుత్తణి కాలేజీలో బి.ఎ. చదువుతున్నప్పుడు పెళ్ళంటే ఏదో పెద్ద విషయమనుకున్నాను. అందులో ఇన్ని చిన్న విషయాలు ఉంటాయని ఎవరూ చెప్పలేదు.

అన్నిటికంటే నచ్చింది సాయంత్రం నాలుగున్నర. ఆ వేళకు కుప్పక్క వచ్చేది.

కుప్పక్క అంటే మా వీధికి పూలు తెచ్చే కుప్పమ్మ. యాభై దాటిన మనిషి. పొద్దున వీరరాఘవస్వామి గుడి వాకిట్లో కూర్చుని అమ్మేది. మిగిలిన పూలు సాయంత్రం వెదురుగంపలో పెట్టుకుని, పైన తడిగుడ్డ కప్పి, ఇంటింటికీ తెచ్చేది. పూలసరం అమ్మేది మూరల లెక్కన. కొసను నడివేలి చివర పట్టి మోచేతి దాకా లాగితే ఒక మూర. కుప్పక్క ఎడమచేతికి నడివేలూ, ఉంగరపు వేలూ సగానికి లేవు. పద్దెనిమిదో ఏట చెరుకు గానుగలో పోయాయట. అందుకని ఆవిడ మూర అందరి మూరకంటే పొట్టి. కొనేవాళ్ళు ఆ సంగతి మరిచిపోయినా ఆవిడ మరిచిపోయేది కాదు. మోచేతి దాకా కొలిచి, అక్కడ బొటనవేలితో నొక్కిపట్టి, లేని వేళ్ళంత పొడుగు ఇంకా వదిలి, అప్పుడు నార తెంచేది. తెంచుతూ "ఇది వేళ్ళకి" అనేది. తమిళం వాళ్ళ ఇళ్ళలో అయితే "ఇదు విరలుక్కు" అని. ముప్పై ఏళ్ళలో ఆ మాట అనకుండా ఒక్క మూర కూడా తెంచలేదని మా అత్త చెప్పింది.

నాకిచ్చేటప్పుడు ఇంకొక ముచ్చట కూడా ఉండేది. ఆ పూల కొసను తన మొండివేళ్ళకు తాకించి, ఆ తరువాత నా గడ్డానికి తాకించి, "నీ మొగుడు చూపు తిప్పకుండా వుండల్ల" అనేది. వీధిలో ఇంకెవరికీ అట్లా చేసేది కాదు. నేను సిగ్గుతో లోపలికి పరుగెత్తి, అద్దం ముందు నిలబడి, పూలు పెట్టుకోవడం మరిచిపోయి నవ్వుకునేదాన్ని.

మా ఇంట్లో టీవీ ఉండేది. వీధిలో అది రెండోది. గురువారం సాయంత్రం ఏడున్నరకు మద్రాసు టీవీలో 'సిరిప్పు తిణ్ణై' అని అరగంట హాస్య కార్యక్రమం వచ్చేది. నవ్వుల అరుగు అన్నమాట. ప్రతివారం అదే వీధి, అదే అరుగు, అవే మనుషులు. కాలు బెణికిందన్నా నాలుక చూపించమనే కాంపౌండరు ఒకడు. రిటైరయ్యాక కూడా పచ్చజెండా ఊపనిదే ఇంట్లో ఎవర్నీ అన్నం పీట మీంచి లేవనివ్వని స్టేషన్ మాస్టరు ఒకాయన. వాళ్ళు ఏమంటారో మాకు ముందే తెలుసు. వాళ్ళకంటే ముందు మేమే అనేసి నవ్వేవాళ్ళం. తెలియని మాటకు నవ్వడం ఒక ఎత్తు, తెలిసిన మాట కోసం కాచుకుని నవ్వడం ఒక ఎత్తు. వీధిలో సగం జనం మా హాల్లోనే ఉండేవారు. మిద్దె ఎక్కి యాంటెనా తిప్పడం బావ పని. "వచ్చింది, వచ్చింది, పోయింది" అని కిందనుంచి కేకవేయడం నా పని.

ఆ కార్యక్రమానికి రాసేవాళ్ళలో ఇంద్రసేన ఒకడు. బావ పనిచేసే ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. అక్కడి నాటక సంఘం నుంచి టీవీ దాకా పోయిన మనిషి. మార్చిలో ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. స్టేషన్ మాస్టరు వేషం వేసే ఆయనకు ఉద్యోగంలో ఢిల్లీకి బదిలీ అయిందట. రెండు వారాల్లో ఆ చోటికి ఇంకో పాత్రను తేకపోతే ఆ పది నిముషాలు వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారట.

"నాకంటూ వుండేది ఆ పది నిముషాలే మాణిక్యం," అని బావతో అన్నాడు.

ఇంట్లో ఎవరు దిగులుగా కూర్చున్నా నాకు ఊపిరాడదు. ఆయన్ని నవ్వించాలనిపించింది. గూట్లోంచి నిన్నటి పూలసరం తీసి, కొంగు నడుముకు దోపి, ఎడమచేతి వేళ్ళు రెండు మడిచి, కుప్పక్కలా మూర కొలిచాను. ఆవిడ గొంతే పెట్టి "ఇది వేళ్ళకి" అన్నాను. కొసను వేళ్ళకు తాకించి బావ గడ్డానికి తాకించాను. బావకు మజ్జిగ పొలమారింది. ఇంద్రసేన నవ్వలేదు. ఇంకొకసారి చెయ్యమన్నాడు. చేశాను. మూడోసారి కూడా చేశాను. ఆయన జేబులోంచి ఒక పాత బిల్లు కాగితం తీసి దాని వెనకాల ఏదో రాసుకున్నాడు.

వంటింటి గడప దగ్గర కూర్చున్న అత్త, ఆయమ్మకు వేళ్ళు తెగిన సంగతి చెప్పావా అని అడిగింది. ఆఁ చెప్పినాను అన్నాను. చెప్పాననే అనుకున్నాను. అప్పటికే నా చేతిలో పాయసం గిన్నె ఉంది, బావ నన్నే చూస్తున్నాడు, నాకు గాల్లో తేలుతున్నట్టుంది. నేను చెప్పలేదు. ఇంద్రసేన చూసింది మడిచిన వేళ్ళు. ఆయన రాసుకున్నదీ మడిచిన వేళ్ళే.

రెండు వారాల తరువాత టీవీలో ఆ అరుగు మీదికి పూలమ్మే పొన్నమ్మ అని కొత్త పాత్ర వచ్చింది. నాలుగు వేళ్ళూ పిడికిట్లో ముడుచుకుని మూర కొలిచింది. కొనే ఆవిడ ఇదేమిటని అడగబోతుంటే, ఒకే ఒక్క మొగ్గ తుంచి, దాన్ని పిడికిలికి తాకించి, ఆవిడ గడ్డానికి తాకించి, "ఇదు విరలుక్కు, తాయీ" అని సాగదీసి, గంపెత్తుకుని పోయింది. హాలంతా గొల్లుమంది. నేను బావ మోకాలు గిల్లాను. నా మాట టీవీలో పలికారని, లక్షల మంది విన్నారని ఆ వేళంతా నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. వేళ్ళు తెగినవి కాక ముడిచినవని నేను చూడకపోలేదు. చూశాను. వేషంలో అట్లా మార్చుకుంటారులే అనుకున్నాను.

మరునాడు కుప్పక్క నవ్వుతూనే వచ్చింది. వాళ్ళ ఇంట్లో టీవీ లేదు. "నన్ను టీవీలో ఎక్కించినారంట అమ్మణ్ణీ. నా మొగంలో ఏం జూసినారో," అంది. ఎవరో అదొక గొప్ప అన్నట్టు చెప్పారన్నమాట. నేను కాఫీ కలిపి ఇచ్చాను. ఆ పూట మూరతో పాటు దవనం రెబ్బ ఒకటి ఊరికే ఇచ్చింది.

పొన్నమ్మ ప్రతివారం రావడం మొదలుపెట్టింది. వారం వారానికీ ఆవిడ మూర కురచయ్యేది, జనం నవ్వు పెరిగేది. రైల్లో సీటుకు జరగమంటే బెత్తెడు జరిగి "విరలుక్కు" అనేవాళ్ళట. హోటల్లో సాంబారు ఇంకొంచెం అడిగితే గరిటె తిప్పి అదే మాటట. ఆ పొన్నమ్మ తిరువళ్ళూరు గుడి దగ్గరి పూలావిడేనని కూడా పాకిపోయిందని బావ ఇంటికొచ్చి చెప్పేవాడు. మొదట్లో ఇద్దరం నవ్వుకున్నాం.

ఒక సాయంత్రం ఎదురింటి ఆవిడ, తాలూకా ఆఫీసు గుమాస్తా భార్య, కుప్పక్క మూర కొలుస్తుంటే చెయ్యి పట్టి ఆపింది. తమాషాగానే అంది, ఇన్నేళ్ళూ మమ్మల్ని కూడా పొన్నమ్మలాగే కొలిచావేమోనని. తన చెయ్యి చాపి, దీని మీద కొలువు అంది. కుప్పక్క ఆవిడ చేతిమీదే కొలిచి, ఎప్పట్లాగే వేళ్ళంత పొడుగు వదలబోయింది. అదేమీ వద్దు, సరిగ్గా మూర చాలని ఆవిడ అక్కడికే ఆపేసింది. అది మా వీధిలో మొదలు. తరువాత ఇంటింటికీ ఒక చెయ్యి చాపడం అలవాటైంది. నా గుమ్మం దగ్గరకు వచ్చేసరికి కుప్పక్క అలసిపోయి ఉండేది. గడ్డానికి తాకించడం మానలేదు కానీ, మాట అనడం మానేసింది.

వైశాఖ అమావాస్యకు అత్తతో గుడికి పోయాను. ఆ రోజు పక్క ఊళ్ళనుంచి కూడా జనం వస్తారు. పూలవాళ్ళకు నెలలో అదే పెద్ద రోజు. కుప్పక్క ముందు ఒక కుటుంబం నిలబడి ఉంది. ఆ ఇల్లాలు తన చెయ్యి కాదని, వెనక నిలబడ్డ మొగుణ్ణి ముందుకు లాగింది. ఆరడుగుల మనిషి. చొక్కా చెయ్యి పైకి మడిచి ఆ పొడుగాటి చెయ్యి చాపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడానికి సిద్ధమయ్యారు. కుప్పక్క ఒక నిమిషం ఆ చెయ్యి వైపు చూసింది. పరాయి మగవాడి చెయ్యి మీద పూలు కొలవడం ఆవిడ బతుకులో అదే మొదటిసారి అయి ఉంటుంది. తల పక్కకు తిప్పుకుని, మోచేయి తగలకుండా సరం కొసను గాల్లోనే పట్టి కొలిచింది. ఎవరో వెనకనుంచి "విరలుక్కు ఎంగే?" అన్నారు, వేళ్ళకిచ్చేది ఏదీ అని. నవ్వులు.

నేను అక్కడే ఉన్నాను. ఆవిడ వేళ్ళు గానుగలో తెగాయని గట్టిగా చెప్పడానికి నాకు పెద్ద చదువేమీ అవసరం లేదు. అత్త నా వైపు చూసింది. నేను చెప్పులు వదిలిన చోటు వెతుక్కుంటున్నట్టు కిందికి చూశాను.

ఆ ఆదివారం బావను వెంటబెట్టుకుని ఇంద్రసేన ఇంటికి పోయాను. పొన్నమ్మను మాన్పించమని అడిగాను. జరిగిందంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. విని నిజంగానే నలిగిపోయాడు.

"తెగిన వేళ్ళని ఆ పొద్దే చెప్పింటే నేను రాసుండను అమ్మణ్ణీ," అన్నాడు. "ఇప్పుడు పొన్నమ్మ నా చేతిలో లేదు. వారానికి ఇన్నూరు జాబులు వస్తా వుండాయి. నేను రాయనంటే ఇంకొకడు రాస్తాడు."

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో బావ నాకు కిటికీ సీటు ఇచ్చాడు. నాకు కిటికీ సీటంటే ఎంత ఇష్టమో ఆయనకు తెలుసు. బయట ఏమున్నాయో నేను చూడలేదు.

కుప్పక్క నాలుగు రోజులు వీధిలోకి రాలేదు. ఐదో రోజు గురువారం. చీకటి పడే వేళకు వచ్చింది. గంప లేదు. తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, చుట్టపుచూపుగా వచ్చినట్టు వచ్చింది.

"ఊరంతా నన్ను చూస్తా వుండాదంట. నేనొకదాన్నే చూడలేదు," అంది. "ఈ పొద్దు చూసి పోదామని వొచ్చినాను."

అత్త చాప వేసింది. హాల్లో ఉన్నవాళ్ళు సర్దుకున్నారు. ఏడున్నరకు కాంపౌండరు వచ్చి నాలుక చూపించమన్నాడు. కుప్పక్క కూడా నవ్వింది, అందరితో పాటు. ఆ తరువాత పొన్నమ్మ వచ్చింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. టీవీలో నవ్వులు మాత్రం వినిపిస్తున్నాయి. కుప్పక్క మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బడిలో కూర్చున్నట్టు కూర్చుని, రెప్ప వేయకుండా చూసింది. పిడికిలి చూసింది. మూర చూసింది. మొగ్గ తుంచి పిడికిలికి తాకించి, కొనే ఆవిడ గడ్డానికి తాకించినప్పుడు, టీవీ మీంచి కళ్ళు తీసి నా వైపు తిరిగింది.

ఎక్కువసేపు చూడలేదు. మళ్ళీ టీవీ వైపు తిరిగి చివరిదాకా చూసింది. లేచేటప్పుడు, "ఆయమ్మకి నార ముడెయ్యను గూడా రాదు," అంది అత్తతో. మరునాటినుంచి ఆవిడ మా వీధికీ రాలేదు, గుడి దగ్గరా కూర్చోలేదు. ఇంటికి పోయి చూస్తే తాళం ఉంది. చెల్లెలి ఊరికి పోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఏ ఊరో వాళ్ళకూ తెలియదు.

ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, వచ్చింది. మా వైపు కొత్త కోడలు ఆ నెల అత్తగారింట్లో ఉండకూడదు. పుట్టిల్లు తిరుత్తణి కాబట్టి గంటన్నర రైలు ప్రయాణం. అయినా బావ ప్లాట్‌ఫారం మీద నిలబడి, నన్ను సముద్రాలు దాటిస్తున్నట్టు ముఖం పెట్టాడు. ఆ ముఖం తలుచుకుని నాలుగైదు రోజులు సంతోషంగానే గడిపాను. రాత్రి పడుకునే ముందు మాత్రం కుప్పక్క నా వైపు తిరిగిన ఆ చూపు గుర్తొచ్చేది.

ఆడి కృత్తిక పండక్కి మొక్కున్నవాళ్ళు తిరుత్తణి కొండకు పూలకావళ్ళు మోసుకొస్తారు. ఊరంతా పసుపు బట్టలు. ముందురోజు పొద్దున అమ్మ అలమేలు, నేను, స్వామికి పూలు కొనడానికి మెట్ల మొదట్లో ఉన్న అంగళ్ళకు పోయాం. అమ్మ కొబ్బరికాయల అంగడి దగ్గర బేరంలో పడింది. పక్కన వరదన్ పూలకొట్టు. అక్కడ కావళ్ళకు విడిపూలు తూకం లెక్కన అమ్ముతారు. బంతిపూల కుప్ప వెనక, త్రాసు పట్టుకుని కూర్చున్నది కుప్పక్క. ఎడమచేతికి మణికట్టు దాకా గుడ్డ చుట్టి ఉంది.

"కుప్పక్కా," అన్నాను.

తలెత్తి చూసింది. "ఎంత గావాల?" అంది, కొత్తవాళ్ళనడిగినట్టు.

ముందే అనుకుని వచ్చినవి కాదు, మాటలు వాటంతటవే వచ్చేశాయి. ఇంద్రసేనకు నేనే చెప్పానని, నేనే చేసి చూపించానని, వేళ్ళు తెగాయని చెప్పడం మరిచిపోయానని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. లోపల వరదన్ మాల కడుతున్నాడు.

"తెలుసు. గడ్డానికి తాకించేది నీకొకదానికే కదా," అంది గొంతు తగ్గించి. "ఈడ ఎవురికీ నేనెవురో తెలీదు. చెయ్యి కాలిందని చెప్పుకోనుండాను. ఈడ తూకమే, మూర లేదు. నాకు బాగానే వుండాది. నువ్వు పో అమ్మణ్ణీ."

పోవలసింది. నాకు అప్పుడే పోబుద్ధి కాలేదు. నేను ఆవిడను ఎగతాళి చేయలేదని, ముద్దుగానే చేశానని ఆవిడకు తెలియాలనిపించింది. అది తెలిస్తే ఆవిడ ముఖం మళ్ళీ నాలుగున్నర వేళకు వచ్చే ముఖం అవుతుందనిపించింది.

"వాళ్ళు చేసినట్ల నేను చెయ్యలేదక్కా. ఇట్లనే చేసినాను, నువ్వు చేసేట్లనే," అని ఎడమచెయ్యి ఎత్తి, రెండు వేళ్ళు మడిచి, లేని పూలసరాన్ని మోచేతి దాకా లాగి, ఆవిడ గొంతుతో "ఇది వేళ్ళకి" అన్నాను.

"వొద్దు తల్లీ," అంది ఆవిడ. నేను అప్పటికే అనేశాను.

వరదన్ లోపలనుంచి పెద్దగా నవ్వాడు. పొన్నమ్మ మాదిరే ఉందని, ఇంకొకసారి చెయ్యమని అన్నాడు. దారం పంటితో తెంచుకుంటూ బయటికి వచ్చి, నన్ను చూసి, నేను ఎవరికి చేసి చూపిస్తున్నానో ఆ మనిషిని చూసి, గుడ్డ చుట్టిన చేతిని చూశాడు.

"కుప్పమ్మా, నీది తిరువళ్ళూరే గదా. కాలింది ఏ వేళ్ళు?"

కుప్పక్క త్రాసు కింద పెట్టింది. గుడ్డ కొస వెతికి, చుట్టు వెంట చుట్టు నెమ్మదిగా విప్పింది. చెయ్యి అతని ముందు పెట్టింది. వరదన్ కోప్పడతాడని, పనిలోంచి తీసేస్తాడని నేను భయపడ్డాను. అతని ముఖంలో కోపం లేదు. లాటరీ తగిలినవాడి ముఖం అది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాడు. అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఎండ ఎక్కకముందే పైకి పోవాలని మెట్లవైపు నడిపించింది. వెనక్కి తిరిగి చూశాను. కుప్పక్క విప్పిన గుడ్డను మడత పెడుతోంది.

దర్శనం అయి కిందికి రావడానికి రెండు గంటలు పట్టింది. దిగుతుంటేనే నవ్వులు వినిపించాయి. వరదన్ కొట్టు ముందు జనం గుంపు కట్టి ఉన్నారు. టీవీలో వచ్చే అసలు పొన్నమ్మ ఇక్కడే ఉందని అతను తమిళంలో కేకవేస్తున్నాడు. కొట్టు ముందర స్టూలు వేసి దానిమీద కుప్పక్కను కూర్చోబెట్టారు. చేతికి గుడ్డ లేదు. త్రాసు ఎక్కడా కనబడలేదు. తడి మల్లెసరం గుట్టగా ముందు పెట్టి ఉంది.

మా అమ్మ కూడా ఆ కార్యక్రమం చూస్తుంది. ఎదురింటి వాళ్ళ ఇంట్లో. "ఓ, ఈయమ్మేనా!" అని ముఖం విప్పార్చుకుని గుంపులోకి దూరింది. కొత్త పెళ్ళికూతురు బోసితలతో కొండ దిగకూడదని, ఒక మూర ఇమ్మంది. నన్ను చూపించి మరీ అడిగింది.

కుప్పక్క మా అమ్మను చూసింది. నన్ను చూడలేదు. ఎడమచెయ్యి ఎత్తి, అందరికీ కనబడేట్టు తిప్పి, మిగిలిన వేళ్ళు కూడా పిడికిట్లోకి ముడుచుకుంది. ఆ పిడికిలి దగ్గరనుంచే కొలిచి నార తెంచింది. ఇంకొక్క మొగ్గ తుంచి, దాన్ని పిడికిలికి తాకించి, టీవీలో ఆ నటి సాగదీసినట్టే సాగదీసి, "ఇదు విరలుక్కు, తాయీ," అంది. గడ్డానికి మాత్రం తాకించలేదు. తక్కిన దాంట్లో ఎక్కడా తప్పు పోలేదు.

జనం చప్పట్లు కొట్టారు. మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, నన్ను వెనక్కి తిప్పి, ఆ కురచ సరాన్ని నా జడలో తురిమింది.